బూట్ల కథ, ఎక్కని ఓడ: భారత ఫుట్‌బాల్ జట్టుపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

భారత జాతీయ ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌లోను, ఆసియా క్రీడలలోను, ఆసియా కప్‌లోను ఏమి చేసింది, ప్రపంచకప్‌కు ఎందుకు వెళ్లలేదు అని అడుగుతూ వచ్చిన ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాము. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను కలిపి ఒకే ప్రశ్నగా మార్చాము.

ప్రశ్న: 1950లో బ్రెజిల్‌లో జరిగిన ప్రపంచకప్‌లో మన జట్టుకు స్థానం దక్కినా, మనవాళ్లు బూట్లు లేకుండా ఆడతారన్న కారణంతో ఫిఫా అడ్డుకున్నదని మా చిన్నప్పటి నుంచి వింటున్నాము. ఇది నిజమేనా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: స్థానం దక్కిన మాట నిజం. బూట్ల వల్లే అది చేజారిందన్న మాట నిలవదు.

ముందు ఆ స్థానం ఎలా దక్కిందో చూడాలి. అర్హత పోటీలలో మనతోపాటు ఉన్న బర్మా, ఇండొనేషియా, ఫిలిప్పీన్స్ జట్లు ఒకదాని తరువాత ఒకటి తప్పుకున్నందువల్ల, ఒక్క మ్యాచ్ అయినా ఆడకుండానే భారత్‌కు బ్రెజిల్ టికెట్టు లభించింది. మూడవ గ్రూపులో ఇటలీ, స్వీడన్, పరాగ్వే జట్ల సరసన మన పేరు చేరింది. ప్రయాణ ఖర్చులలో అధిక భాగాన్ని తామే భరిస్తామని బ్రెజిల్ నిర్వాహకులు ముందుకు వచ్చారు కూడా. అయినా మన జట్టు ఓడ ఎక్కలేదు. జట్టు ఎంపికపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయనీ, సాధనకు తగినంత వ్యవధి లేదనీ అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అప్పట్లో అధికారికంగా చెప్పిన కారణాలు.

బూట్ల కథలోని లోపాన్ని కాలక్రమమే పట్టి ఇస్తుంది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవారిలో ఎక్కువ మంది బూట్లు లేకుండానే ఆడారు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో కూడా చాలామంది అలాగే బరిలోకి దిగారు. ఆ రెండింటికీ నడుమ, 1950లో, ఉత్త కాళ్లతో ఆడేవారన్న ఒక్క కారణంతో జట్టు మొత్తాన్ని ఆపివేశారంటే నమ్మడం కష్టం. ఆ జట్టుకు సారథ్యం వహించవలసిన శైలేన్ మన్నా స్వయంగా, బూట్ల మాట అసలు కారణం కాదని తరువాతి కాలంలో చెప్పారు. సమాఖ్య పెద్దల దృష్టిలో ఆనాడు ఒలింపిక్సే పెద్ద పోటీ. ప్రపంచకప్ ఎంత పెద్దది కాబోతున్నదో వారు ఊహించలేదు. సముద్రం మీద వారాల తరబడి ప్రయాణించి దక్షిణ అమెరికాకు వెళ్లి రావడం కన్నా, మరుసటి ఏడు మార్చిలో సొంత రాజధానిలో జరగనున్న తొలి ఆసియా క్రీడలకు సిద్ధం కావడమే వారికి ముఖ్యమనిపించి ఉంటుంది.

ఇందులో ఒక మాట మన వైపు నుంచి కూడా ఒప్పుకోవాలి. బూట్ల కథ ఇంతకాలం బతికి ఉండడానికి కారణం అది మనకు సుఖంగా ఉండడమే. తప్పు ఎవరో విదేశీయులదైతే మనసుకు ఊరట. తీసుకున్న నిర్ణయం మనదేనని తేలితే ఆ ఊరట ఉండదు. అయితే ఆ నిర్ణయం తీసుకున్నవారిని నేటి కళ్లతో చూసి మూర్ఖులనడం కూడా సబబు కాదు. ఆ ఏడాది స్కాట్లండ్, తుర్కియే కూడా తమకు దక్కిన స్థానాలను వదులుకున్నాయి.

ప్రశ్న: స్వతంత్ర భారతదేశం తరఫున తొలి అంతర్జాతీయ గోల్ ఎవరిది? ఆ మ్యాచ్‌లో మనం గెలిచామా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఆ గోల్ సారంగపాణి రామన్‌ది. 1948 జులై 31న లండన్ శివారులోని ఇల్‌ఫర్డ్‌లో ఫ్రాన్స్‌తో జరిగిన ఒలింపిక్ మ్యాచ్‌లో ఆయన స్కోరును సమం చేశారు. నాగా ప్రాంతానికి చెందిన తాలిమెరెన్ ఆవో సారథి. ఆయన తరువాతి కాలంలో వైద్యుడయ్యారు. మనకు ఆ రోజు రెండు పెనాల్టీలు లభించాయి, రెండూ వృథా అయ్యాయి. చివరి నిమిషాలలో ఫ్రాన్స్ మరో గోల్ చేసి 2-1తో గెలిచింది. ఓడినప్పటికీ లండన్ ప్రేక్షకులు మనవారి ఆటను మెచ్చుకున్నారు.

నాలుగేళ్ల తరువాత హెల్సింకిలో మెచ్చుకోవడానికి ఏమీ మిగలలేదు. యుగోస్లావియా చేతిలో 10-1తో మన జట్టు చిత్తయింది. ఆ ఒక్క గోల్ అహ్మద్ ఖాన్‌ది. చలికి, తడి మైదానానికి అలవాటు లేని కాళ్లతో, పైగా బూట్లు లేకుండా, ఐరోపాలోని మేటి జట్లలో ఒకదానిని ఎదుర్కోవడం ఎంత అసాధ్యమో ఆ రోజు తేటతెల్లమైంది. ఆ పరాభవం తరువాతే జాతీయ ఆటగాళ్లకు బూట్లు తప్పనిసరి అయ్యాయి. కనుక బూట్ల విషయంలో మన జట్టును మార్చినది ఫిఫా నిబంధన అనడం కన్నా, యుగోస్లావియా చేసిన పది గోల్స్ అనడం న్యాయం.

ప్రశ్న: 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాల్గవ స్థానం పొందిందని చదివాను. ప్రపంచంలో నాల్గవ స్థానమంటే మామూలు మాట కాదు కదా! ఆ ఘనత నిజంగా అంత గొప్పదేనా? అందులో హైదరాబాద్ ఆటగాళ్ల పాత్ర ఏమిటి?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: ఘనత నిజమే, కాని దానిని సరైన కొలతతో కొలవాలి. మెల్‌బోర్న్ దూరం వల్లా, ఆ ఏడాది నెలకొన్న రాజకీయ ఉద్రిక్తతల వల్లా అనేక దేశాలు తప్పుకోగా ఆ పోటీలో ఆడినవి 11 జట్లు మాత్రమే. తొలి రౌండులో మన ప్రత్యర్థి హంగరీ రాకపోవడంతో మనం ఆడకుండానే క్వార్టర్‌ఫైనల్ చేరాము. మొత్తం పోటీలో మనం గెలిచిన మ్యాచ్ ఒక్కటే. పైగా ఒలింపిక్స్ అప్పట్లో వృత్తి ఆటగాళ్లకు ప్రవేశం లేని పోటీ గనుక, పశ్చిమ ఐరోపా, దక్షిణ అమెరికాల అసలు బలం అక్కడ కనిపించేది కాదు. కాబట్టి ‘ప్రపంచంలో నాల్గవ స్థానం’ అనడం అతిశయోక్తి అవుతుంది.

అయితే గెలిచిన ఆ ఒక్క మ్యాచ్ ఎలాంటిదో కూడా చెప్పాలి. 1956 డిసెంబరు 1న ఆతిథ్య ఆస్ట్రేలియాను వారి ప్రేక్షకుల ఎదుటే 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేసి, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ సాధించిన తొలి ఆసియా ఆటగాడయ్యాడు. సెమీఫైనల్‌లో ఎదురైనది మళ్లీ యుగోస్లావియానే, నాలుగేళ్ల క్రితం పది గోల్స్ చేసిన దేశమే. ఈసారి ప్రథమార్ధం గోల్ లేకుండా ముగిసింది. ద్వితీయార్ధం మొదలైన కొద్దిసేపటికే డిసౌజా గోల్‌తో భారత్ ఆధిక్యంలోకి వెళ్లింది. ఆ ఆధిక్యం రెండు మూడు నిమిషాలకు మించి నిలవలేదు, చివరకు 4-1తో ఓడిపోయారు. కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0తో ఓడారు. పదింటికి ఒకటి నుంచి కొన్ని నిమిషాల ఆధిక్యం దాకా వచ్చిన ఆ నాలుగేళ్ల ప్రయాణమే, నా దృష్టిలో, నాల్గవ స్థానం అన్న మాట కన్నా విలువైనది. సారథి సమర్ బెనర్జీ, అందరూ బద్రూ అని పిలిచేవారు. నాలుగు గోల్స్‌తో డిసౌజా ఆ పోటీలో అత్యధిక గోల్స్ చేసినవారి సరసన నిలిచాడు.

హైదరాబాద్ పాత్ర గురించి: ఆ జట్టు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ వాసి, బడిపంతులుగా జీవితం ప్రారంభించిన మనిషి. అందుకే ఆయనను అందరూ రహీం సాబ్ అని గౌరవంగా పిలిచేవారు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా ఉంటూ, 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షణ ఇచ్చి, ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ గెలిచేలా తీర్చిదిద్దారు. మెల్‌బోర్న్ జట్టులో తులసీదాస్ బలరాం, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, హైదరాబాద్‌లో పుట్టి సైనిక జట్లకు ఆడిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ వంటివారు ఉండడం యాదృచ్ఛికం కాదు. పొట్టి పాస్‌లు, బంతి లేనప్పుడు ఎక్కడ నిలబడాలి, ఏ కాలితోనైనా తన్నగలగడం వంటి ప్రాథమికాంశాల మీద రహీం పెట్టిన శ్రద్ధ ముందుగా ఈ నగరపు మైదానాలలో మొలిచి, తరువాత జాతీయ జట్టుకు చేరింది. 4-2-4 వ్యూహాన్ని (వెనుక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు) బ్రెజిల్ కన్నా ముందే ఆయన ఆడించారని చెప్పే అభిమానులు ఉన్నారు. అంత దూరం వెళ్లకపోయినా ఆయన గొప్పతనానికి లోటు రాదు.

ప్రశ్న: 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్ గురించి పెద్దలు కథలు కథలుగా చెబుతారు. మొత్తం ప్రేక్షకులు మనకు వ్యతిరేకంగా అరిచారట. కారణమేమిటి? అసలేమి జరిగింది?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: దీనికి కాస్త వివరంగానే చెప్పాలి. ఇది మన ఫుట్‌బాల్ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద రోజు. దాని వెనుక మైదానంతో సంబంధం లేని గొడవ ఒకటి ఉంది.

ఆతిథ్య ఇండొనేషియా ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ప్రవేశం నిరాకరించింది. ఆసియా క్రీడల వ్యవస్థాపకులలో ఒకరైన భారతీయుడు గురుదత్ సోంధీ, సభ్య దేశాలను ఇలా వెలివేసినప్పుడు ఈ పోటీలను ఆసియా క్రీడలని పిలవడం ఎలా కుదురుతుందని అభ్యంతరం తెలిపారు. దానితో జకార్తాలో భారత్ మీద ఆగ్రహం పెల్లుబికింది. మన రాయబార కార్యాలయం మీద కూడా జనం దాడి చేశారు. సోంధీ లేవనెత్తిన ప్రశ్నలో న్యాయం ఉంది, కాని దాని మూల్యం చెల్లించవలసి వచ్చినది ఆటగాళ్లకు. ఆ రోజులలో బయట తిరగడానికే జంకేవారమని ఆ జట్టులోని వారు తరువాత చెప్పుకున్నారు.

ఇక ఆట సంగతి. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిన మన జట్టు, థాయ్‌లాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించి నిలదొక్కుకుంది. ఈ దశలోనే డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. మామూలు శిక్షకుడైతే ఆయనను విశ్రాంతికి పంపేవాడు. రహీం మాత్రం, వెనుక నిలబడి బంతిని తలతో తోసివేయవలసిన పని ఇక ఆయనకు తగదని గ్రహించి, కాలేజీ రోజులలో ఫార్వర్డ్‌గా ఆడిన ఆయన అనుభవాన్ని గుర్తు చేసుకుని, ఏకంగా ముందు వరుసలోకి పంపారు. దక్షిణ వియత్నాంతో జరిగిన సెమీఫైనల్‌లో 3-2తో గెలిచినప్పుడు చునీ గోస్వామి రెండు గోల్స్, జర్నైల్ ఒక గోల్ చేశారు.

సెప్టెంబరు 4న సెనాయన్ స్టేడియంలో సుమారు లక్ష మంది ఎదుట మళ్లీ దక్షిణ కొరియా. భారత్ పేరు వినపడితే చాలు ఈలలు, కేకలు. మనవైపు చప్పట్లు కొట్టినది దాదాపు ఒక్క బృందమే: అప్పటికే పోటీలు ముగించుకుని వచ్చి కూర్చున్న పాకిస్తాన్ హాకీ జట్టు. జ్వరంతో పడుకున్న తంగరాజ్ లేచి వచ్చి గోల్ ముందు నిలబడ్డారు. 17వ నిమిషంలో పి.కె.బెనర్జీ, 20వ నిమిషంలో తలకు కట్టుతోనే జర్నైల్ సింగ్ గోల్స్ చేశారు. కొరియా ఒక గోల్ తిరిగి ఇచ్చేసరికి ఆట చివరి నిమిషాలకు వచ్చింది. 2-1తో స్వర్ణం మనదైంది.

ఆ జట్టు ముందు వరుసలో చునీ, పి.కె., బలరాం ముగ్గురూ ఒకేసారి ఉండడం మన అదృష్టమే. కాని అదృష్టాన్ని మాత్రమే తలచుకుంటే రహీంకు అన్యాయం చేసినవాళ్లమవుతాము. ఊపిరితిత్తుల క్యాన్సర్ అప్పటికే ఆయనను తినివేస్తున్నది. ఫైనల్ ముందు రోజు రాత్రి ఆటగాళ్లను పిలిచి, రేపు నాకొక కానుక కావాలి, స్వర్ణం ఇవ్వండి అన్న అర్థంలో ఆయన మాట్లాడారని ఆ జట్టు సభ్యులు గుర్తు చేసుకునేవారు. 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు.

(ఇదే విషయంపై మరో పాఠకుడు, మొదటి స్వర్ణం ఎప్పుడని అడిగారు. 1951 మార్చిలో న్యూఢిల్లీలో. అప్పుడూ శిక్షకుడు రహీమే. ఇండొనేషియాను, అఫ్గానిస్తాన్‌ను 3-0 తేడాతో ఓడించి, ఫైనల్‌లో ఇరాన్‌పై మేవాలాల్ చేసిన ఏకైక గోల్‌తో గెలిచారు. ఆ తరువాత మూడవ పతకం 1970 బ్యాంకాక్‌లో వచ్చింది. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ నయీముద్దీన్ సారథ్యంలో, హైదరాబాద్‌కే చెందిన మహమ్మద్ హబీబ్ కూడా ఉన్న జట్టు జపాన్‌ను 1-0తో ఓడించి కాంస్యం తెచ్చింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన పురుషుల జట్టుకు అదే ఆఖరి పతకం.)

ప్రశ్న: ఒలింపిక్స్‌లో మన జట్టు చివరిసారి ఎప్పుడు ఆడింది?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: 1960లో, రోమ్‌లో. ఫలితాల పట్టికలో ఒక్క గెలుపు కూడా లేదు, గ్రూపులో చివరి స్థానం. అయినప్పటికీ మెల్‌బోర్న్ జట్టు కన్నా ఈ జట్టే బాగా ఆడిందని వాదించడానికి ఆస్కారం ఉంది. హంగరీతో 2-1తో మాత్రమే ఓడారు. ఆ హంగరీ చివరకు కాంస్యం గెలిచింది. సారథి పి.కె.బెనర్జీ గోల్‌తో ఫ్రాన్స్‌పై ఆధిక్యం సాధించి, చివరి పది నిమిషాలలో గోల్ ఇచ్చి 1-1తో డ్రా చేసుకున్నారు. పెరూ చేతిలో 3-1తో ఓడారు. హంగరీ మీద, పెరూ మీద మన గోల్స్ రెండూ సికింద్రాబాద్ బిడ్డ బలరాంవే. 1964 టోక్యో అర్హత పోటీలలో ఇరాన్ మనలను ఆపివేసింది. అప్పటి నుంచి ఇప్పటివరకు పురుషుల ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన జట్టు కనిపించలేదు.

ప్రశ్న: ఆసియా కప్‌లో మన రికార్డు గురించి చెప్పగలరు. ఒకసారి రన్నరప్‌గా నిలిచామని విన్నాను.
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: 1964లో ఇజ్రాయెల్‌లో. ఇక్కడ కూడా కొలతబద్ద దగ్గర పెట్టుకోవాలి. రాజకీయ కారణాలతో చాలా దేశాలు తప్పుకున్నందువల్ల మన జట్టు అర్హత పోటీ ఆడకుండానే చేరింది. చివరి దశలో ఆడినవి నాలుగే జట్లు. దక్షిణ కొరియాను 2-0తో, హాంకాంగ్‌ను 3-1తో ఓడించి, ఆతిథ్య ఇజ్రాయెల్ చేతిలో 2-0తో ఓడి రెండవ స్థానంలో నిలిచాము. కొరియాపై గోల్స్ చేసినది అప్పలరాజు, ఇందర్ సింగ్. మొదటి పేరు చూడగానే ఉత్తరాంధ్ర పాఠకులు ఒక్క క్షణం ఆగుతారని తెలుసు! నాలుగు జట్ల పోటీయే అయినా, రెండేళ్ల వ్యవధిలో కొరియాను రెండోసారి ఓడించిన జట్టును తేలికగా తీసివేయలేము.

ఆ తరువాత ఇరవై ఏళ్లు మనకు ఆసియా కప్ అందలేదు. 1984 సింగపూర్‌లో ఇరాన్‌తో ఒక 0-0 డ్రా తప్ప మిగిలినవన్నీ ఓటములే, ఒక్క గోల్ కూడా చేయలేదు. 2011 ఖతర్‌కు చేరిన దారిలో హైదరాబాద్‌కు చిన్న పాత్ర ఉంది. ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఎఫ్‌సీ) నడిపిన 2008 చాలెంజ్ కప్‌లో భారత్ ఆడిన తొలి మ్యాచ్‌లు ఇక్కడే జరిగాయి. వానల వల్ల ఫైనల్ ఢిల్లీకి మారగా, సునీల్ ఛెత్రీ హ్యాట్రిక్‌తో తజికిస్తాన్‌ను 4-1తో ఓడించి ఆసియా కప్ టికెట్టు సంపాదించారు. అసలు పోటీలో మాత్రం ఆస్ట్రేలియా, బహ్రెయిన్, దక్షిణ కొరియా జట్ల చేతిలో కలిపి పదమూడు గోల్స్ ఇచ్చారు.

2019లో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో థాయ్‌లాండ్‌ను 4-1తో ఓడించినప్పుడు, 1964 తరువాత ఆసియా కప్‌లో మనకది తొలి విజయం. చివరి గ్రూపు మ్యాచ్‌లో బహ్రెయిన్‌తో డ్రా చేసుకుంటే తరువాతి దశకు చేరేవారు. తొంభై నిమిషాలు నిలిచి, అదనపు సమయంలో పెనాల్టీ ఇచ్చి 1-0తో ఓడారు. నేను చూసిన మ్యాచ్‌లలో అంతగా బాధపెట్టినవి తక్కువ. 2024 జనవరిలో ఖతర్‌లో ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియాలతో మూడు ఓటములు, ఒక్క గోల్ లేదు. 2027 పోటీకి అర్హత సాధించే అవకాశం 2025 అక్టోబరులో గోవాలోని మడ్గావ్‌లో సింగపూర్ చేతిలో 2-1తో ఓడడంతో ముగిసిపోయింది.

ప్రశ్న: ఒకప్పుడు జపాన్‌ను, కొరియాను ఓడించిన జట్టు ఇంత వెనుకబడడానికి కారణమేమిటి? క్రికెట్ వల్లేనా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: క్రికెట్‌ను నిందించడం, బూట్ల కథ లాగానే, తేలిక. కాని 1983లో క్రికెట్ ప్రపంచకప్ గెలవడానికి చాలా ముందే మన ఫుట్‌బాల్ జారిపోయింది. అసలు జవాబు కోసం, మనం ఓడించిన జట్లు ఆ తరువాత ఏమి చేశాయో చూడాలి.

జపాన్‌ను తీసుకుందాము. 1962లో మన చేతిలో 2-0తో ఓడిన ఆ దేశం అప్పటికే జర్మనీ నుంచి డెట్మార్ క్రామర్ అనే శిక్షకుడిని రప్పించుకుని మూలాల నుంచి నేర్చుకోవడం మొదలుపెట్టింది. 1965లో దేశవ్యాప్త లీగ్ ఏర్పాటు చేసుకుంది. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. కొరియా 1983లో వృత్తి లీగ్ ప్రారంభించింది. మనకు జాతీయ లీగ్ 1996లో గాని రాలేదు. అప్పటివరకు కలకత్తా లీగ్, డ్యూరాండ్, రోవర్స్, ఐఎఫ్ఏ షీల్డ్ వంటి పోటీలే సర్వస్వం. ఒక్కొక్క నగరంలో కొన్ని వారాలు సాగి ముగిసే ఆ కప్‌ల వల్ల ఏడాది పొడవునా ఒకే స్థాయిలో ఆడే అలవాటు ఆటగాళ్లకు అబ్బలేదు. దేశీయ మ్యాచ్‌లు చాలాకాలం 70 నిమిషాలే సాగేవి. ఇంట్లో 70 నిమిషాలు ఆడి, బయటకు వెళ్లి 90 నిమిషాలు పరుగెత్తవలసి వస్తే ఆఖరి ఇరవై నిమిషాలలో ఏమవుతుందో చెప్పనక్కరలేదు. 1970ల నుంచి పశ్చిమాసియా దేశాలు చమురు డబ్బుతో స్టేడియాలు కట్టి, విదేశీ శిక్షకులను తెచ్చుకోవడంతో పోటీ మరింత గట్టిపడింది. 1982లో మన ఢిల్లీలోనే, పి.కె.బెనర్జీ శిక్షణలో బాగా సిద్ధమైన జట్టు ఆసియా క్రీడల క్వార్టర్‌ఫైనల్‌లో సౌదీ అరేబియాకు చివరి నిమిషాలలో గోల్ ఇచ్చి 1-0తో ఓడింది.

వీటన్నిటికన్నా నేను ముందు పెట్టే కారణం వేరు. మన బంగారు దశాబ్దం ఒక వ్యవస్థ తయారు చేసినది కాదు, చాలా వరకు ఒక మనిషి తయారు చేసినది. రహీం పద్ధతిని రాసి ఉంచుకుని, శిక్షకులకు నేర్పి, జిల్లా జట్ల దాకా తీసుకువెళ్లే ఏర్పాటు ఆయన ఉన్నప్పుడూ లేదు, పోయాకా రాలేదు. జపాన్ క్రామర్‌ను రప్పించినప్పుడు ఆయన చేత శిక్షకులను కూడా తయారు చేయించుకుంది. మనం రహీం చేత పతకాలు మాత్రమే తెప్పించుకున్నాము.

ప్రశ్న: 1950 తరువాత ప్రపంచకప్‌కు అతి దగ్గరగా ఎప్పుడు వెళ్లాము?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ప్రపంచకప్‌కు దగ్గరగా ఎన్నడూ వెళ్లలేదు; అర్హత పోటీలలో తరువాతి దశకు దగ్గరగా వెళ్లిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. అసలు మన జట్టు తొలి అర్హత మ్యాచ్ ఆడినదే 1985లో.

2001లో యూఏఈని బెంగళూరులో 1-0తో ఓడించిన జట్టు గ్రూపులో 11 పాయింట్లు సాధించింది. 12 పాయింట్లతో యూఏఈ ముందుకు వెళ్లింది. 2019 సెప్టెంబరులో, ఆసియా విజేత ఖతర్‌ను వారి గడ్డ మీద 0-0తో నిలువరించారు. 2026 ప్రపంచకప్ అర్హత పోటీలలో కువైట్‌ను వారి దేశంలో 1-0తో ఓడించి ఆశలు రేపారు. కాని 2024 మార్చిలో గువాహటిలో అఫ్గానిస్తాన్ చేతిలో ఓడారు, జూన్ 6న కోల్‌కతాలో ఛెత్రీ వీడ్కోలు మ్యాచ్‌లో కువైట్‌తో 0-0 డ్రా చేసుకున్నారు. ఐదు రోజుల తరువాత దోహాలో ఖతర్‌పై మన ఆటగాడు ఛాంగ్తే గోల్‌తో ఆధిక్యంలో ఉండగా, గీత దాటి బయటకు వెళ్లిన బంతిని వెనక్కు లాగి ఖతర్ గోల్ చేసింది. వీడియో సమీక్ష ఆ దశలో లేనందువల్ల రిఫరీ నిర్ణయమే నిలిచింది. ఆపై మరో గోల్ పడి 2-1తో ఓడారు. గెలిచి ఉంటే తరువాతి దశకు వెళ్లేవారే. ఆ గోల్ అన్యాయమే, సందేహం లేదు. అయితే సొంత గడ్డ మీద అఫ్గానిస్తాన్‌ను ఓడించి ఉంటే దోహాలో ఆ బంతి గీత దాటిందా లేదా అన్నది మన తలరాతను తేల్చే ప్రశ్న అయ్యేది కాదు.

ప్రశ్న: మీ జవాబులన్నీ పురుషుల జట్టు గురించే ఉంటాయని ముందే ఊహించి రాస్తున్నాను. మహిళల జట్టు అంతర్జాతీయ పోటీలలో ఏమి సాధించింది?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: మీ ఊహ తప్పు కాదు, వచ్చిన ఉత్తరాలలో మీది తప్ప అన్నీ పురుషుల జట్టు గురించే. మహిళల ఆసియా కప్‌లో భారత్ రెండుసార్లు రన్నరప్‌గా నిలిచింది: ఒకసారి కోళికోడ్‌లో జరిగిన పోటీలో, మరోసారి 1983లో థాయ్‌లాండ్‌లో. అప్పటికి ఆ పోటీలలో పాల్గొనే దేశాలు కొద్ది, చైనా, జపాన్ ఇంకా ఎదుగుతున్న దశ. అయినా మన సమాఖ్య, ప్రభుత్వాలు ఆ జట్టుకు ఇచ్చినది దాదాపు శూన్యమని గుర్తుంచుకుంటే ఆ రెండు ఫైనల్స్ విలువ తెలుస్తుంది.

2022 జనవరిలో సొంత గడ్డ మీద ఆసియా కప్ జరిగినప్పుడు, ఇరాన్‌తో 0-0 డ్రా తరువాత కొవిడ్ సోకి జట్టులో సరిపడా ఆటగాళ్లు మిగలక మ్యాచ్ ఆడలేకపోవడంతో నిబంధనల ప్రకారం మొత్తం పోటీ నుంచే తప్పుకోవలసి వచ్చింది. మూడున్నరేళ్ల తరువాత, 2025 జులైలో, చియాంగ్‌మాయ్‌లో ఆతిథ్య థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి 2026 ఆసియా కప్‌లో స్థానం సంపాదించారు. ఆతిథ్య హోదా వల్లగాని, ఇతరులు తప్పుకోవడం వల్లగాని కాకుండా, అర్హత పోటీ ఆడి గెలిచి మహిళల ఆసియా కప్‌కు చేరడం మన జట్టుకు ఇదే మొదటిసారి. మీ జిల్లాకు చెందిన గుగులోతు సౌమ్య ఈ తరం జట్టుకు ఆడుతున్న ఫార్వర్డ్. ఆమె ఆటను ఇప్పటికి చూడకపోతే తప్పక చూడండి.